రోగిశయ్యకు దూరమైన నర్సింగు విద్య

1962లో లండను నగరమున డోరీన్ నార్టన్ అను నర్సు మఱి యిద్దరితో కలసి వృద్ధరోగుల శుశ్రూషను గూర్చి యొక పరిశోధన గ్రంథమును వెలువరించెను. కదలలేని రోగి నడుము క్రిందను, పిరుదులమీదను, మడమలమీదను పడు పడకపుండ్లను నివారించుటకై ఆనాటి ఆసుపత్రులలో ఒక్కొక్క వార్డున ఒక్కొక్క లేపనము, ఒక్కొక్క ద్రవము వాడుకలో నుండెడిది. ఏది మేలైనదన్న వివాదమునకు అంతము లేకుండెడిది. రోగులను ఓపికతో పరిశీలించి ఆ బృందము తేల్చిన విషయమేమనగా, పూసిన మందును బట్టి ఫలితములో చెప్పుకొనదగిన భేదము కలుగుట లేదు. రెండుమూడు గంటలకొకసారి రోగిని ఒత్తిగిలజేయుటయే పుండు పడకుండ కాపాడుచున్నది. అంతటితో నాగక, దేహస్థితి, మనఃస్థితి, నడక, అవయవముల కదలిక, మలమూత్రములపై అదుపు అను అయిదంశములకు మార్కులు వేసి, 20కి 14 గాని అంతకు తక్కువ గాని వచ్చిన రోగికి పుండు పడు ప్రమాదము హెచ్చని ముందుగనే హెచ్చరించు కొలమానము నొకదానిని నార్టన్ నిర్మించెను. దానికి యంత్రము లక్కఱలేదు, ధనము లక్కఱలేదు; చూచెడి కన్నును, వ్రాసికొనుటకొక కాగితమును ఉన్న చాలును.

అరువదియేండ్లు గడచినవి. ఆ కొలమానము మన నర్సింగు పాఠ్యగ్రంథములలో చోటు సంపాదించుకొన్నది, పరీక్షలలో ప్రశ్నగా వచ్చుచున్నది, విద్యార్థినులు దానిని కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనుచున్నారు. అయినను, స్పిరిటుతో వీపు రుద్ది పౌడరు చల్లుటయే వీపు సంరక్షణకు పరమావధి యన్న భావము మన వార్డులను ఇంకను వీడిపోలేదు. ఎముక పైకి తేలిన చోట గట్టిగా రుద్దినచో చర్మమునకు హాని యని అటు తరువాతి మార్గదర్శక సూత్రములు స్పష్టముగా చెప్పినను, చేతి యలవాటు చేతిదిగనే యున్నది. రోగిని ఎన్నిగంటలకు ఏ ప్రక్కకు త్రిప్పిరో వ్రాయవలసిన కాగితము కేస్ షీటులో నుండినచో అది ఖాళీగా నుండును, లేదా డ్యూటీ ముగియుచుండగా ఒక్కపెట్టున నింపబడును. ఇది తెలియకపోవుట వలన జరుగుచున్నది కాదు. ఒకే మనిషి తరగతిలో ఒకటి వ్రాసి వార్డులో మఱియొకటి చేయుచున్నపుడు, లోపమును ఆ మనిషి బుద్ధిలో వెదకుటకంటె ఆ రెండు గదుల నడుమ నున్న దూరములో వెదకుట న్యాయము.

ఈ దూరమును గూర్చి సభలకు, సదస్సులకు కొఱతలేదు. పరిశోధన, బోధన, చికిత్సాలయ సేవ యను మూడింటికిని సమన్వయము కావలెనని ప్రతి స్నాతకోత్సవములోను వినుచునే యున్నాము. కాని సమన్వయమనునది సద్భావము వలన సిద్ధించునది కాదు. బోధించు వ్యక్తికి వార్డులోని రోగి యెడల జవాబుదారీ యున్నదా, వార్డులో పనిచేయు వ్యక్తికి ప్రశ్నించుటకు అధికారమును తీరికయు ఉన్నవా, పరిశోధించిన వ్యక్తి తన ఫలితమును ఎవరికైన అప్పగింపవలసి యున్నదా అను మూడు ప్రశ్నలకు నియామకపు ఉత్తర్వులలోను డ్యూటీ పట్టికలోను సమాధానము దొరకనంతకాలము, మిగిలినదంతయు ఉపన్యాసమే యగును.

చరిత్రను పరికించినచో, ఈ మూడును ఆదిలో వేఱువేఱుగా లేవు. 1854 నవంబరులో స్కుటారి సైనికాసుపత్రికి చేరిన ఫ్లారెన్సు నైటింగేలు శుశ్రూషకురాలు మాత్రమే కాదు, లెక్కలు వ్రాసిన మనిషి. సైనికులలో ననేకులు గాయములచేత గాక, నివారింపదగిన వ్యాధులచేతనే మరణించిరని అంకెలను వృత్తాకార చిత్రములుగా గీచి ప్రభుత్వమునకు చూపినది ఆమెయే. లండను గణాంక సంఘమున సభ్యత్వము పొందిన తొలి మహిళయు ఆమెయే. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నెలకొన్న శిక్షణాలయమునకు అధిపతిగా నియమింపబడిన వార్డ్రోపర్ అప్పటికే ఆ ఆసుపత్రి మేట్రను. అనగా, నేర్పు బాధ్యతయు నడపు బాధ్యతయు ఒకే వ్యక్తి భుజములపై నుండెను. పరిశీలించుట, నేర్పుట, సేవించుట యను మూడింటిని ఆనాటివారు ఒకే పనికి మూడు ముఖములుగా భావించిరి.

అయితే ఆ యైక్యమునకు చెల్లింపబడిన మూల్యము చిన్నది కాదు. పాఠశాల ఆసుపత్రి చేతిక్రింద నుండుటచేత విద్యార్థిని యనగా వేతనము లేని పనిమనిషి యన్న అర్థము క్రమముగా స్థిరపడెను. రాత్రి డ్యూటీ కొఱత తీర్చుటకు పాఠము మానిపించుట ఖండాంతరములన్నిటను సర్వసామాన్యమాయెను. 1923లో అమెరికాలో వెలువడిన గోల్డుమార్కు నివేదిక ఈ దుస్థితిని నిర్మొగమాటముగా బయటపెట్టి, నర్సింగు విద్య ఆసుపత్రి యవసరములకు దాసి కాకూడదని వాదించెను. ఆ సంవత్సరమే యేలు విశ్వవిద్యాలయమున నర్సింగు విద్యాశాఖ ప్రత్యేకముగా ఆరంభమయ్యెను. మనదేశమున 1946లో భోర్ సంఘము తన నివేదికలో 43,000 మంది జనులకు ఒక్క నర్సు వంతున దేశమంతటికిని సుమారు 7,000 మంది నర్సులు మాత్రమే యున్నారని లెక్కచెప్పి, విశ్వవిద్యాలయ స్థాయి నర్సింగు విద్య యొక్క ఆవశ్యకతను గుర్తించెను. ఆ యేడే ఢిల్లీలోను వేలూరులోను పట్టభద్ర తరగతులు వెలసినవి. మఱుసటి సంవత్సరము భారత నర్సింగు మండలి చట్టము వచ్చెను. విద్యార్థినిని చాకిరి నుండి విడిపించుటకై విద్యను ఆసుపత్రి నుండి వేఱుచేయుట ఆనాడు న్యాయమైన విమోచనమే. దానిని తప్పుపట్టువారు ఆ చాకిరిని ఎఱుగనివారు.

కాని విమోచనముతోపాటు వియోగమును వచ్చినది. కళాశాలలోని అధ్యాపకురాలికి ఆసుపత్రిలో పడకలు లేవు. ఆసుపత్రిలోని హెడ్ నర్సుకు కళాశాలలో మాట లేదు. విద్యార్థినులను వెంటబెట్టుకొని వార్డుకు వచ్చు ఉపాధ్యాయిని అక్కడ అతిథి. ఆమె చూపించు విధానము తరగతి విధానము, ఆమె వెళ్ళిన తరువాత సిస్టరు చూపించునది బ్రతుకు విధానము. ఈ రెండింటి నడుమ నలిగిపోవు క్రొత్త నర్సుల స్థితిని 1974లో మార్లీన్ క్రేమర్ అను అమెరికను పరిశోధకురాలు ఒక గ్రంథమున సమగ్రముగా వర్ణించెను: కళాశాలలో నేర్చిన విలువలు వార్డులో చెల్లనివని కొలదినెలలలోనే తెలిసికొన్న యువతులలో కొందఱు వృత్తినే విడుతురు, కొందఱు పైచదువులకు పాఱిపోవుదురు, మిగిలినవారు నేర్చినదానిని మఱచి చుట్టునున్నవారివలె మాఱుదురు. మూడవ తెగవారినే మనము అనుభవజ్ఞులని పిలుచుచున్నాము.

పరిశోధన సంగతి ఇంతకంటె శోచనీయము. మన తెలుగు రాష్ట్రములలో గాని, ఇరుగుపొరుగు రాష్ట్రములలో గాని ఏ నర్సింగు కళాశాల గ్రంథాలయమునకు పోయినను ఎం.ఎస్సీ. థీసిసులు అట్ట కట్టించుకొని బారులు తీరి యుండును. వాటిలో చాలవాని శీర్షిక ఒక్కటే యచ్చున పోసినట్లుండును: ఫలాని విషయమును గూర్చి ఫలానివారి జ్ఞానముపై ప్రణాళికాబద్ధ బోధన కార్యక్రమము యొక్క ప్రభావము. ముందొక ప్రశ్నాపత్రము, నడుమ నొక పాఠము, వారము తరువాత మరల నదే ప్రశ్నాపత్రము, మార్కులు పెరిగినవని తేలును, పెరుగకుండు టెట్లు? ఆ పాఠము విన్నవారు మఱుసటి నెలలో చేతులు కడుగుకొన్నారా, క్యాథెటరు పెట్టిన రోగులకు మూత్రనాళపు ఇన్ఫెక్షన్లు తగ్గినవా అని చూచుట అరుదు. ఇందులో విద్యార్థిని దోషము స్వల్పము. ఆమెకున్న వ్యవధి కొలదినెలలు. వార్డులోని ఒక విధానమును మార్చి చూచుటకు ఆమెకు అధికారము లేదు. మార్పించుటకు ఆమె మార్గదర్శకురాలికిని లేదు. అందుచేత అనుమతి సులభముగా దొరకు పాఠశాల పిల్లలను, పల్లెటూరి తల్లులను ఎంచుకొని జ్ఞానమును కొలుచుటతో సరిపెట్టుకొనుచున్నారు. కాలువ త్రవ్వి పొలమునకు తూము పెట్టనట్లు, ఈ పరిశోధనకు వార్డులోనికి దారియే లేదు.

ఈ వియోగమును తొలగించు యత్నములు అన్యదేశములలో జరుగకపోలేదు. 1956లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ నర్సింగు విద్యాశాఖకు అధిపతియైన డొరొతీ స్మిత్ అచటి బోధనాసుపత్రి నర్సింగు సేవలకును తానే బాధ్యత వహించెను. 1972లో రోచెస్టరున లొరెట్టా ఫోర్డు, షికాగోలోని రష్ విశ్వవిద్యాలయమున లూథర్ క్రిస్ట్‌మన్ అదే మార్గమును మఱింత విస్తరించి, అధ్యాపకులు రోగులను చూడవలెను, వార్డు నాయకులు పాఠము చెప్పవలెను, ఇరువురును కలసి పరిశోధింపవలెను అను నియమముపై సంస్థలనే నిర్మించిరి. ఈ పద్ధతి కీర్తి గడించినను ఎల్లెడల వ్యాపింపలేదు. దానికి కారణములు మనకు పాఠములు. ఒకే మనిషిపై రెండు పూర్తి యుద్యోగముల భారమును మోపి జీతము మాత్రము ఒక్కటి యిచ్చినచో ఆ యుత్సాహము చిరకాలము నిలువదు. రోగిని బాగుగా చూచినందుకు గాక, పత్రికలో వ్యాసము ప్రకటించినందుకే విశ్వవిద్యాలయము పదోన్నతి నిచ్చినచో, బుద్ధిగలవాడు వార్డును వీడి వ్రాతబల్లకు చేరును.

మనకు సమీపముననే ఒక దృష్టాంతము కలదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము చిత్తూరును వేలూరును ఒకే ఉత్తరార్కాడు జిల్లాలో నుండెడివి. రాయలసీమ రోగులకు ఆ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల నేటికిని సుపరిచితమే. ఐడా స్కడర్ నెలకొల్పిన ఆ యాసుపత్రిలో 1909 నుండి నర్సుల శిక్షణ జరుగుచున్నది. అచట కళాశాలకును ఆసుపత్రి నర్సింగు సేవకును నడుమ గోడ కట్టలేదు. అధ్యాపకురాలు తన శాఖకు చెందిన వార్డుల నర్సింగు బాధ్యతలో పాలుపంచుకొనును, వార్డులోని సీనియరు నర్సు బోధనలో పాలుపంచుకొనును. ఆ పద్ధతిలోని గుణమేమన, తరగతిలో తాను చెప్పిన విధానము వార్డులో సాగకపోయినచో ఉపాధ్యాయిని తప్పించుకొనుటకు వీలులేదు. ఏల సాగలేదో ఆమెయే కనుగొనవలెను. దుప్పట్లు చాలకనా, చేతులు చాలకనా, లేక పాఠమే అవాస్తవమా? పరిశోధన ప్రశ్న యనునది ఇట్టి యిరకాటములోనే పుట్టును. అట్టి సంస్థ సంప్రదాయమును, క్రమశిక్షణను యథాతథముగా జిల్లా ఆసుపత్రికి తెచ్చుట సాధ్యము కాదనుట నిజమే; కాని రెండు బాధ్యతలను ఒకే చేతికిచ్చు నియామకము తేజాలనిది కాదు.

తెలంగాణములోని ప్రసవసేవల చరిత్ర ఈ వాదమునకు మఱియొక బలము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో నూటికి 21.5 కాన్పులు సిజేరియనుల ద్వారా జరుగగా, ఆంధ్రప్రదేశములో 42.4, తెలంగాణములో 60.7 జరిగినవి, తెలంగాణములోని ప్రైవేటు ఆసుపత్రులలో ఆ సంఖ్య 81.5. ఇన్ని శస్త్రచికిత్సలు అవసరమై చేసినవని ఏ ప్రసూతిశాస్త్రమును అంగీకరింపదు. శిక్షితులైన మిడ్‌వైఫులు ఆద్యంతము తోడుండి సంరక్షించిన గర్భిణులలో సహజప్రసవములు హెచ్చుననియు, నెలలు నిండని కాన్పులు తగ్గుననియు 15 అధ్యయనములను, 17,674 మంది స్త్రీల వివరములను క్రోడీకరించి 2016లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తెలిపినది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుండియే మిడ్‌వైఫరీ విద్యను తన కాన్పుగదుల యందే నడపుచుండెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఆ సంస్థతోను యునిసెఫ్‌తోను కలసి ప్రభుత్వ నర్సులు 30 మందిని తొలిజట్టుగా ఈ శిక్షణకు ఎంపిక చేసెను. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వము మిడ్‌వైఫరీ సేవలకు జాతీయ మార్గదర్శకములను ప్రకటించెను.

ఇందు మనము గమనింపవలసినది శిక్షణ జరిగిన స్థలమును, తీరును. కాన్పు సమయమున తల్లి తనకు అనుకూలమైన భంగిమలో నుండవచ్చును, తనకు నచ్చినవారిని తోడుంచుకొనవచ్చును, అందఱికిని అలవాటుగా ఎపిసియోటమీ కోత పెట్టరాదు, పొట్టపై ఒత్తరాదు అని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో చెప్పిన మాటలను ఏ పుస్తకములోనైన చదువవచ్చును. కాని నొప్పులతో కేకలు వేయుచున్న తల్లి ప్రక్కన నిలిచి, త్వరపెట్టక, గడియారమును శిశువు గుండెచప్పుడును చూచుచు, ఎపుడు వేచియుండవలెనో ఎపుడు వైద్యుని పిలువవలెనో నిర్ణయించు ధైర్యము, ఆ నిర్ణయమును తన కన్నులయెదుట తీసికొనుచున్న గురువు నుండియే సంక్రమించును. అటుపైన, ఆ విద్య నేర్చిన నర్సును తిరిగి ఇంజెక్షన్ల గదిలో నియమింపక కాన్పుగదిలోనే, నిర్ణయాధికారముతో నిలుపుట ప్రభుత్వము పని. ఆ పని జరిగినచోట విద్య సేవయగును. జరుగనిచోట మఱియొక సర్టిఫికెట్టగును.

ఇక ఒక బలమైన ఆక్షేపణను విచారింపవలెను. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు, ఇతరాసుపత్రులలో అయిదుగురకు ఒక నర్సు ఉండవలెనని నర్సింగు మండలి ప్రమాణము చెప్పుచుండగా, ముప్పదిమందికి పైబడిన వార్డును ఒక్క నర్సే చూచుకొను రాత్రులు మన ప్రభుత్వాసుపత్రులలో అరుదు కావు. అట్టి యామెతో పరిశోధన యనుట పరిహాసము కాదా? ఈ మాటలోని వేదన సత్యము. కాని దానినుండి వచ్చు నిర్ణయము వేఱు. నర్సుల సంఖ్య పెంచుమని కోరుటకు నేడు మనచేత నున్న అతిబలమైన ఆయుధము నర్సింగు పరిశోధనయే. లిండా ఐకెన్ అను నర్సింగు పరిశోధకురాలి బృందము యూరపు ఖండమున తొమ్మిది దేశములలోని 300 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన 4,22,730 మంది వివరములను శోధించి 2014లో ప్రకటించిన ఫలితములు సుప్రసిద్ధములు: నర్సుకు ఒక్క రోగి అదనమైనపుడెల్ల ముప్పది దినములలో మరణించు అవకాశము నూటికి 7 వంతులు పెరుగుచున్నది, పట్టభద్రులైన నర్సుల నిష్పత్తి నూటికి పదివంతులు హెచ్చినచో అంతే తగ్గుచున్నది. సంఖ్యయు విద్యయు రెండును ప్రాణములను కాపాడుచున్నవని ఇంతకంటె స్పష్టముగా చెప్పు సాక్ష్యము లేదు. మన జిల్లా ఆసుపత్రులలో ఎన్ని రాత్రులు ఎందఱు రోగులకు ఎందఱు నర్సులున్నారు, ఆ రాత్రులలో ఎన్ని పడకపుండ్లు పడినవి, ఎందఱు మంచముపైనుండి జాఱిపడిరి అను లెక్కలు మనకున్నచో, ఆర్థికశాఖ యెదుట నర్సు మొఱ మొఱగా గాక ప్రమాణముగా నిలుచును. లెక్క లేని కష్టమును పాలకులు కష్టముగా గణింపరు.

కావున చేయవలసిన పనులు అసాధ్యములు కావు. మొదటిది, ప్రభుత్వ నర్సింగు కళాశాలల అధ్యాపకులలో ప్రతి యొక్కరికి అనుబంధ ఆసుపత్రిలో ఒక వార్డు నర్సింగు ప్రమాణములపై లిఖితపూర్వకమైన బాధ్యత ఉండవలెను. ఆ గంటలు ఆమె పనిగంటలలో లెక్కింపబడవలెను, పదోన్నతిలో వాటికి విలువ ఉండవలెను. రెండవది, విద్యార్థినులకు పని నేర్పుచున్న వార్డు నర్సును ఉచిత సహాయకురాలిగా గాక, బోధకురాలిగా గుర్తించి, ఆ దినము ఆమె రోగుల సంఖ్యను తగ్గించి, గౌరవవేతనము నొసగవలెను. మూడవది, 1986 నుండి విజయవాడ కేంద్రముగా నడచుచున్న వైద్యవిజ్ఞాన విశ్వవిద్యాలయమును, వరంగల్లులోని కాళోజీ విశ్వవిద్యాలయమును ఎం.ఎస్సీ. థీసిసు విషయమును ఆసుపత్రి నర్సింగు సూపరింటెండెంటు సమ్మతితో, వార్డు రికార్డులనుండి పుట్టిన ప్రశ్నగా మాత్రమే అంగీకరింపవలెను. ఒకే ప్రశ్నను వరుసగా వచ్చు జట్లు మూడునాలుగేండ్లు కొనసాగించినచో చిన్న థీసిసులే పెద్ద పరిశోధనయగును. పట్టా నిచ్చుటకు ముందు ఆ ఫలితమును అదే వార్డులో వివరించి, ఏ విధానము మారినదో, మారనిచో ఏల మారలేదో ఒక పుటలో వ్రాసి జతపఱచుట తప్పనిసరి చేయవలెను.

నాల్గవది తనిఖీలకు సంబంధించినది. 1947 నాటి చట్టమునకు బదులుగా 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము వచ్చినది. దాని ననుసరించి రాష్ట్ర కమిషనులు ఏర్పడవలెనని ఆ చట్టము నిర్దేశించినది. కళాశాలకు మాతృసంస్థయైన ఆసుపత్రి యున్నదా, దానిలో పడకలెన్ని అని లెక్కించుటతో తనిఖీ ముగియుట నేటివఱకు మన యాచారము. ఆ పడకలపై రోగులున్నారా, ఆ రోగుల శుశ్రూషలో కళాశాల అధ్యాపకులకు ఏ పాత్ర యున్నది, విద్యార్థినులు ఏ ప్రక్రియను ఎవరి పర్యవేక్షణలో చేసిరి అను ప్రశ్నలను క్రొత్త కమిషను అడుగసాగినచో, పాఠశాల భవనమొకటి కట్టి, దూరపు ఆసుపత్రితో కాగితపు ఒప్పందమొకటి వ్రాసికొని నడచు వ్యాపారములు వాటంతట అవియే సన్నగిల్లును.

ఇందులో క్రొత్త సిద్ధాంతమేదియు లేదు. వైద్యవిద్యలో ఈ నియమము ఏనాడో స్థిరపడినది. శస్త్రచికిత్స శాఖాచార్యునకు ఒక యూనిటు, పడకలు, ఆపరేషను దినము ఉండును. ఆయన పాఠము చెప్పునది, పరిశోధించునది, బాధ్యత వహించునది ఆ రోగులనే. కత్తి పట్టని వానిని శస్త్రచికిత్సాచార్యునిగా ఊహింపలేని మనము, రోగిని తాకు అధికారము లేని వారిని శుశ్రూషాచార్యులుగా నియమించి తృప్తిపడుట, నర్సింగును స్వతంత్ర విద్యగా మనస్ఫూర్తిగా అంగీకరింపకపోవుట వలననే జరుగుచున్నది. వైద్యాచార్యునకు ఇచ్చిన యూనిటు వంటిదానిని నర్సింగు అధ్యాపకురాలికిని ఇచ్చి, దాని మంచిచెడులకు ఆమెనే జవాబుదారిగా చేయుదము. అపుడు పడకపుండు పడిన రోగి ఏ గురువు వార్డులోనివాడో, ఏ పాఠము అతనిని చేరలేదో తెలియును. అది తెలిసిననాడు దిద్దుబాటును ఆరంభమగును.